పదెకరాలకు ఒకే వాక కంచె

(మండల రైతు సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం కంచె. గిట్టుబాటు ధర, కౌలు కార్డులు, పంటల బీమా గురించి పొద్దుటి నుంచి పెద్దలు మాట్లాడారు. వాటి మధ్య కంచె చిన్న విషయంలా కనబడుతుంది. కానీ ఇక్కడ కూర్చున్నవాళ్లలో రాత్రి చేలో మంచె మీద పడుకోనివాళ్లు ఎంతమంది? శనక్కాయ ఊడలు దిగిన రోజు నుంచి పీకేదాకా నిద్ర లేదు. మొక్కజొన్న కంకి పాలు పోసుకుంటే చాలు, పందుల మంద ఒక్క రాత్రిలో అరెకరా పడగొట్టి పోతుంది. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. అప్పు తెచ్చి పండించిన పంటకు చివరి నెలలో కాపలా లేకపోతే అంతకు ముందు పడిన కష్టమంతా వృథా.

అందుకే కొందరు తెగించి కరెంటు తీగ లాగుతున్నారు. ముందు దాని గురించి చెప్పి తర్వాత మొక్క దగ్గరకు వస్తాను.

కరెంటు తీగ మనల్నే చంపుతుంది

స్తంభానికి కొక్కెం తగిలించి చేను చుట్టూ తీగ లాగడం ఎంత ప్రమాదమో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రతి సీజన్‌లోనూ పేపర్లో చూస్తున్నాం. పందికి పెట్టిన తీగకు పక్క చేను రైతు పోతాడు. తెల్లవారుజామున మోటారు వేయడానికి వెళ్లిన కొడుకు పోతాడు. మేకలు తోలుకెళ్లిన ముసలాయన పోతాడు. తీగ పెట్టినవాడూ రైతే, పోయినవాడూ రైతే. ఒకరు స్మశానానికి, ఇంకొకరు జైలుకు. రెండిళ్లూ పాడవుతాయి.

అలా లైనుకు తీగ తగిలించడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం దొంగతనం. జంతువు చస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. మనిషి చస్తే సంగతి చెప్పనే అక్కర్లేదు. సోలార్ కంచె వేరు. అందులో కరెంటు ఆగి ఆగి, కన్నుమూసి తెరిచేంత సేపు కూడా లేకుండా పారుతుంది. పశువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది కానీ చావదు. సోలార్ పేరు చెప్పి మామూలు కరెంటు కలిపేవాళ్లు కూడా ఉన్నారు. అలాంటివాళ్లను మన సంఘం సమర్థించదు. ఈ మాట గ్రామ కమిటీలు గట్టిగా చెప్పాలి.

మరి ఏం చేయాలి? రాతి కూసాలు, ముళ్ల తీగ కొనే శక్తి రెండెకరాల రైతుకు లేదు. కొన్నా పంది తీగ కింద మట్టి తవ్వుకుని లోపలికి వస్తుంది. మన పెద్దలకు తీగ లేదు, సోలార్ లేదు. అయినా తోటలు కాపాడుకున్నారు. వాళ్లకున్నది పచ్చికంచె.

ఎన్నో మొక్కల్లో వాకనే ఎందుకు?

గచ్చ, కిత్తనార, జెముడు, గోరింట, సీమచింత, వావిలి, ఇవన్నీ మన గెనిమల మీద ఉండేవి. జేసీబీలు వచ్చాక గెనిమలు చదును చేశాం. చదును చేసిన చోటల్లా సర్కారు తుమ్మ లేచింది. దాని కాయలు పశువులు తింటాయి, పేడలో గింజలు పడతాయి, ఏడాదికి చేను నిండా మొలుస్తుంది. దాన్ని కంచెగా పెంచొద్దు. ఉన్నదాన్ని కొట్టి, ఎండు కంపగా మాత్రం వాడుకోండి.

నేను వాక గురించి చెబుతాను. వాక్కాయ పప్పు తినని ఇల్లు ఇక్కడ ఉండదు. ఆ చెట్టే. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, ఆకు ఒక్కసారిగా రాల్చదు. ముల్లు అంగుళం నుంచి రెండంగుళాలు, ఎక్కువగా కొస రెండుగా చీలి ఉంటుంది. కొమ్మ తుంచితే పాలు కారతాయి. ముదిరిన కొమ్మను పశువు ముట్టదు. వేరు పట్టాక ఎండకు తట్టుకుంటుంది. ఎర్రనేల, గులకనేల, గరప నేల, ఏదైనా సరే. కొద్దిపాటి చౌడును కూడా ఓర్చుకుంటుంది. దానికి పడనిది ఒక్కటే, నిలవ నీరు. నల్లరేగడిలో వర్షం నీరు వారం రోజులు నిలిచే చోట పెడితే చస్తుంది.

దీని చిన్న చెల్లెలే మన గుట్టల మీది కలివె. కాయ చిన్నది, పొద చిన్నది. కడప జిల్లా లంకమల అడవుల్లో 1986లో మళ్లీ కనబడిన కలివికోడికి ఆ పేరు ఈ పొదల వల్లనే వచ్చిందంటారు. ఇక చచ్చిపోయిన జాతి అని లోకమంతా అనుకున్న పక్షి ఈ ముళ్లపొదల్లో బతికి ఉంది. కాబట్టి కంచె కోసం అడవిలోని కలివె పొదలు పెకలించి తేవొద్దు. అవి నాటినా బతకవు. గింజ వేసి పెంచుకోవడమే సులువు.

ఉప్పు కంచె కథ

ఈ మొక్కకు ఒక చెడ్డ చరిత్ర కూడా ఉంది. రైతు సంఘం మనుషులుగా తెలుసుకోవాలి. బ్రిటిష్ వాళ్లు ఉప్పు మీద పన్ను వేసి, పన్ను కట్టని ఉప్పు రాకుండా ఉత్తరాన సింధు నది నుంచి ఇటు మహానది దాకా దేశానికి అడ్డంగా ఒక కాపలా గీత గీశారు. 1869 నాటికి దాని పొడవు 2,300 మైళ్లు. దాదాపు 12 వేల మంది సిబ్బంది కాపలా. అందులో వందల మైళ్ల పొడవున ముళ్ల కంచె పెంచారు. తుమ్మ, రేగు, జెముడుతో పాటు వాక కూడా అందులో ఉంది. ఆ శాఖకు అప్పట్లో అధికారిగా పనిచేసిన హ్యూమ్ దొరే తర్వాత 1885లో కాంగ్రెస్ పుట్టుకకు ముందు నిలబడ్డాడు. 1879లో ఆ గీతను ఎత్తేశారు. ఉప్పు పన్ను మాత్రం అలాగే ఉంది. 1930లో గాంధీ ఉప్పు సత్యాగ్రహం చేసింది దాని మీదే.

ఎందుకు చెబుతున్నానంటే, ఎంతటి దొంగరవాణానైనా ఆపాలనుకున్న సర్కారు నమ్ముకున్న మొక్కల్లో వాక ఒకటి. మనుషుల్ని ఆపిన కంచె పందిని ఆపలేదా? రెండోది, కంచె ఎవరి కోసం, ఎవరికి అడ్డంగా అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. దాని దగ్గరకు చివర్లో వస్తాను.

గింజ నుంచి మొక్క

వాక ఎండాకాలం మొదట్లో పూస్తుంది, వానాకాలంలో కాయ పండుతుంది. పచ్చడికి కోసే కాయ గింజకు పనికిరాదు. చెట్టు మీదే నల్లగా పండి, నొక్కితే మెత్తగా ఉండాలి. అలాంటి కాయలు ఏరి, బకెట్ నీళ్లలో పిసికి, గుజ్జు, జిగురు పోయేదాకా రెండు మూడు నీళ్లు మార్చి కడగాలి. కాయకు నాలుగైదు గింజల దాకా వస్తాయి. నీడలో ఒక రోజు ఆరబెట్టి వెంటనే నాటాలి.

'వెంటనే' అన్న మాట గుర్తుపెట్టుకోండి. వాక గింజ నిలవ ఉంటే మొలక శక్తి పోతుంది. వచ్చే జూన్‌లో వేద్దామని డబ్బాలో దాచిపెడితే ఒక్కటీ మొలవదు. కంది గింజ, జొన్న గింజ లాంటిది కాదు ఇది.

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి చిన్న ప్లాస్టిక్ సంచుల్లో నింపండి. సంచికి అడుగున రెండు మూడు రంధ్రాలు ఉండాలి. అరంగుళం లోతున రెండేసి గింజలు వేయండి. రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. రెండూ మొలిస్తే బలహీనమైనది తీసేయండి. చెట్టు నీడలో పెట్టి, తడి ఆరకుండా చూడాలి, బురద కాకుండా కూడా చూడాలి. మొదటి ఏడు మొక్క మెల్లగా పెరుగుతుంది. మరుసటి వానాకాలానికి జానెడు, మూరెడు ఎత్తు వస్తుంది. అప్పుడు పొలంలో నాటుకోవాలి.

కొమ్మ గుచ్చితే రాదా అని అడుగుతారు. గోరింట, గ్లిరిసిడియా కొమ్మ గుచ్చితే వస్తాయి. వాక పాలచెట్టు, వేరు మందు పెట్టకుండా ఉత్త కొమ్మ గుచ్చితే నూటికి చాలా కొద్దే బతుకుతాయి. మంచి పెద్ద కాయ కాసే చెట్టు దొరికి, అదే రకం కావాలంటే అంటు కట్టుకోవచ్చు. వానాకాలంలో పెన్సిల్ మందం కొమ్మకు అంగుళం మేర చుట్టూ బెరడు తీసి, కారిన పాలు గుడ్డతో తుడిచి, తడి కొబ్బరి పొట్టు పెట్టి ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు కొసలా బిగించి కట్టాలి. రెండు మూడు నెలల్లో వేళ్లు కాగితం లోంచి కనబడతాయి. అప్పుడు కోసి సంచిలో పెట్టుకోవాలి. కంచె మొత్తానికి ఇంత పని అక్కర్లేదు. కంచెకు గింజ మొక్కే మేలు, వేరు లోతుకు పోతుంది.

నాటడం, కత్తిరించడం

చేను హద్దుకు లోపల మన వైపు రెండు మూడడుగులు వదిలి నాటండి. మొక్క పెరిగి పక్కవాడి చేలోకి పోతే కంచె కాస్తా తగాదా అవుతుంది. బయటి వైపు అడుగున్నర లోతు కందకం తీసి, ఆ మట్టి లోపలి వైపు గట్టుగా పోయండి. ఆ గట్టు మీద రెండు వరుసలు, వరుసలో మొక్కకు మొక్కకు రెండడుగులు. ఒక వరుసలోని రెండు మొక్కల మధ్య ఖాళీకి ఎదురుగా రెండో వరుస మొక్క రావాలి. కందకంలో వాన నీరు ఇంకితే మొక్కకు అదే తడి.

మొదటి రెండేళ్లు మొక్కను మేకల నుంచి కాపాడాలి. లేత వాకను మేక వదలదు. బయటి వైపు ఎండు కంప వేయండి. మొదటి ఎండాకాలం పది పదిహేను రోజులకు ఒకసారి చెంబెడు నీళ్లు పోస్తే చాలు. రెండో ఎండాకాలానికి దాని బతుకు అది బతుకుతుంది.

ఎక్కువ మంది తప్పేది కత్తిరింపు దగ్గర. మొక్క నిటారుగా నాలుగడుగులు పోతే మురిసిపోతారు. పైన గుబురుగా ఉంటుంది, కింద మోకాలి దాకా బోడిగా ఉంటుంది. పంది పైనుంచి దూకదు, కిందనుంచి దూరుతుంది. అందుకని నాటిన మొక్క నిలదొక్కుకోగానే జానెడు ఎత్తున కొస తుంచేయాలి. కింది నుంచి నాలుగైదు పిలకలు వస్తాయి. అవి అడుగున్నర పెరిగాక మళ్లీ మూడో వంతు కత్తిరించాలి. పక్కకు వచ్చిన కొమ్మల్ని అడ్డంగా వంచి, పక్క మొక్క కొమ్మల్లోకి దూర్చి అల్లాలి. కంచె అడుగున వెడల్పు, పైన సన్నం ఉండాలి. అప్పుడే కింది ఆకుకు ఎండ తగులుతుంది.

ఎక్కడైనా మొక్క చచ్చి సందు పడితే, పక్క మొక్క కింది కొమ్మను వానాకాలంలో నేలకు వంచి, కింది వైపు కొద్దిగా బెరడు గీకి, మట్టి కప్పి పైన రాయి పెట్టండి. అక్కడ వేరు పోసుకుంటుంది. ఖర్చు లేకుండా సందు మూసుకుంటుంది.

ఈ కంచె పశువును ఆపేది నాలుగో ఏడు నుంచి. అందాకా ఏం చేయాలి? కంప వేసుకోవాలి. పంట చుట్టూ ఆముదం నాలుగు వరుసలు దగ్గర దగ్గరగా వేసుకోవచ్చు. రబీ శనక్కాయ చుట్టూ ముళ్ల కుసుమ వేసుకోవచ్చు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కూడా పందులకు ఈ పద్ధతులు చెప్పారు. ఇంకో మాట కూడా దాచకుండా చెబుతాను. వాక కంచె పందికి, గొడ్డుకు, మేకకు, దొంగకు. కోతికి, నెమలికి పనిచేయదు. జింక కూడా ఎత్తు తక్కువైతే దూకుతుంది.

కాయ ఆదాయం

గింజ మొక్క మూడో ఏడు, నాలుగో ఏడు కాపు మొదలుపెడుతుంది. పప్పు, రోటి పచ్చడి, నిలవ పచ్చడి, పులిహోర, అన్నిటికీ చింతపండు బదులు అదే. బేకరీలో కేకు మీద, బన్నులో ఎర్రగా కనబడే చెర్రీ చాలాసార్లు చెర్రీ కాదు. పాకం పట్టి రంగేసిన వాక్కాయే. దాన్ని ఎవరో తయారు చేసి మనకే అమ్ముతున్నారు. మన మహిళా సంఘాలు ఆలోచించాల్సిన విషయం ఇది.

కాయ కావాలంటే కత్తిరింపు కాయ కోసిన వెంటనే అయిపోవాలి. పూత కొత్త చిగుళ్ల కొసల్లో వస్తుంది. ఎండాకాలం ముందు కత్తెర పెడితే పూత పోతుంది. కోసేటప్పుడు పాలు చేతికి అంటుకుంటాయి, ముల్లు గుచ్చుకుంటుంది. మందపాటి గుడ్డ కట్టుకోండి.

ఒంటరి కంచె లెక్క, కలిసిన కంచె లెక్క

ఇప్పుడు అసలు విషయం. ఒక లెక్క చెబుతాను, రాసుకోండి. ఎకరా చతురంగా ఉంటే ఒక్కో పక్క 209 అడుగులు. చుట్టూ 835 అడుగులు. కంచె నాలుగడుగుల వెడల్పు తీసుకుంటే ఏడున్నర సెంట్లు కంచెకే పోతుంది. పక్కపక్కనే ఉన్న పది మంది ఎకరా రైతులు ఎవరికి వారు కంచె వేసుకుంటే మొత్తం 8,350 అడుగులు.

అదే పది మంది కలిసి పదెకరాలకు ఒకే కంచె వేస్తే? ఒక్కో పక్క 660 అడుగులు, చుట్టూ 2,640 అడుగులు. మనిషికి 264 అడుగులు. అంటే మూడో వంతు కంటే తక్కువ. పోయే నేల మనిషికి రెండున్నర సెంట్లలోపు. మొక్కలు రెండు వరుసలకు 2,640, చచ్చేవాటికి కలుపుకుని 3,000 పెంచుకోవాలి. దానికి కావాల్సింది నాలుగైదు కిలోల పండిన కాయలు. పది మంది ఇళ్ల నుంచి మనిషొకరు వస్తే సంచులు నింపే పని నాలుగు రోజులది.

ఇంత సులువైతే ఎందుకు జరగడం లేదు? గెనిమ తగాదాలు. అన్నదమ్ములకే మాటల్లేవు. అందుకే దీన్ని గ్రామ కమిటీ తలకెత్తుకోవాలి. ముందు హద్దు రాళ్లు చూసుకుని, ఎవరి వైపు ఎన్ని అడుగులు, కత్తిరింపు ఎవరిది, కాయ ఎవరిది అన్నది కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టాలి. బండి బాట, డొంక, వంక కంచెలో కలుపుకోవద్దు. మేకలు, గొర్రెలు తోలుకునేవాళ్లు, చేను దాటి పనికి పోయే కూలీలు మనవాళ్లే. వాళ్ల దారి మూసే కంచె ఉప్పు కంచెకు తమ్ముడవుతుంది.

కౌలు రైతు సంగతి ఏమిటి? ఏటా చేను మారేవాడు నాలుగేళ్లకు పనికొచ్చే కంచె ఎందుకు పెంచుతాడు? నిజమే. పంది తినేది అతని పంట, నష్టపరిహారం పడేది పట్టాదారు ఖాతాలో. అందుకే కంచె ఖర్చు భూమి యజమానిది, శ్రమ కౌలుదారుది అయితే ఆ శ్రమకు తగ్గట్టు కౌలు తగ్గించాలని మన సంఘం చెబుతోంది.

మన డిమాండ్లు, మన పని

సర్కారును మనం అడగాల్సినవి ఇవి. గ్రామ నర్సరీల్లో నీడ మొక్కలు, పూల మొక్కలతో పాటు వాక, గచ్చ మొక్కలు కూడా పెంచి ఇవ్వాలి. కందకం తవ్వకం, నాటడం, రెండేళ్ల నీళ్లు, సంరక్షణ ఉపాధి పనుల కింద చేయించాలి. కూలీకి పని, రైతుకు కంచె దొరుకుతాయి. సోలార్ కంచెకు సబ్సిడీ చిన్న రైతుల గుంపులకు మొదట ఇవ్వాలి. అడవి జంతువుల వల్ల నష్టపోయిన పంటకు పరిహారం సాగు చేసినవాడికే, పంట విలువను బట్టి, ఆ సీజన్‌లోనే ఇవ్వాలి. ఈ నాలుగింటి మీద అర్జీ రాసి ఉంచాం. పోయే ముందు అందరూ సంతకాలు చేయండి.

అర్జీ మీద జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఈ వానాకాలం వాక కాయ పండుతుంది. ప్రతి గ్రామ కమిటీ అయిదు కిలోల పండు కాయలు ఏరించి, మూడు వేల సంచులు నింపి, ఒక పదెకరాల కయ్యలను ఎంచుకోవాలి. వచ్చే ఏడు వానలకు నాటుదాం. ఏ ఊళ్లో కాయ దొరకకపోతే ఆ ఊరివాళ్లు నాతో చెప్పండి, మా కంచె కాయలు ఇస్తాను. చేతికి గుడ్డ మాత్రం మీరే తెచ్చుకోండి.

రైతు కూలీల ఐక్యత వర్ధిల్లాలి.